గుడ్డు ఉడకడానికి గిన్నెడు నీళ్ళెందుకు?

గుడ్లు ఎన్ని నిమిషాలు ఉడకబెట్టాలి అని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. ఎదురు ప్రశ్న వేస్తాను: ఎప్పటి నుంచి లెక్కపెడుతున్నారు? స్టవ్ వెలిగించినప్పటి నుంచా, గిన్నె అడుగున చిన్న చిన్న బుడగలు కనపడినప్పటి నుంచా, నీళ్ళు కళపెళా మరిగినప్పటి నుంచా? చాలామంది దగ్గర దీనికి సమాధానం ఉండదు. "పది నిమిషాలు పెడతాం అంతే" అంటారు. ఆ పది నిమిషాల్లో చన్నీళ్ళు మరగడానికి ఎంతసేపు పట్టిందో, నిజంగా మరిగే నీళ్ళలో గుడ్డు ఎంతసేపు ఉందో ఎవరికీ తెలియదు. గిన్నె పెద్దదైతే ఒక లెక్క, చిన్నదైతే ఒక లెక్క. సిలిండర్ అయిపోవస్తే ఇంకో లెక్క. అందుకే ఒకే ఇంట్లో, ఒకే మనిషి చేతిలో, ఒకరోజు పచ్చసొన జారిపోతుంది, ఇంకోరోజు పిండిపిండిగా అయి చుట్టూ ఆకుపచ్చ రంగు తిరుగుతుంది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. పెంకుతో ఉన్న గుడ్డుని నీళ్ళలో ముంచాల్సిన అవసరం లేదు. అడుగున కాసిని నీళ్ళు, పైన మూత, మధ్యలో గుడ్లు నిలబడడానికి ఒక చిల్లుల పళ్ళెం ఉంటే చాలు. ఇందులో కొత్త విషయం ఏమీ లేదు. కానీ మనం నీళ్ళకి ఎంతగా అలవాటు పడ్డామంటే, ఆవిరి మీద గుడ్డు ఉడుకుతుందంటే "లోపలిదాకా ఉడుకుతుందా?" అని అనుమానంగా చూస్తారు.

ఉడుకుతుంది. ఎందుకో చెప్పాలంటే గుడ్డు లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి. తెల్లసొన అంటే ఒకే పదార్థం కాదు, నీళ్ళలో కలిసి ఉన్న రకరకాల ప్రొటీన్లు. వాటిలో ఒకటి సుమారు 61, 62 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. అన్నిటికంటే ఎక్కువగా ఉండే ఆల్బుమిన్ గట్టిపడాలంటే మాత్రం దాదాపు 80 డిగ్రీలు దాటాలి. పచ్చసొన 65 దగ్గర చిక్కబడి, 70కి అటూ ఇటూగా గట్టిపడుతుంది. అంటే తెల్లసొన బాగా బిగుసుకోవాలంటే కావలసిన వేడి, పచ్చసొన తట్టుకునే వేడి కంటే ఎక్కువ. గుడ్డు వంటలో ఉన్న తిప్పలన్నీ ఇక్కడే పుడతాయి. అదృష్టవశాత్తూ వేడి బయటి నుంచి లోపలికి పోతుంది కాబట్టి తెల్లసొనకి ముందు తగులుతుంది, పచ్చసొనకి ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యాన్ని నిమిషాల్లో కొలవగలిగితే మనకి కావలసిన గుడ్డు వస్తుంది. కొలవాలంటే బయటి వేడి మారకుండా ఉండాలి.

ఆవిరి ఇచ్చేది సరిగ్గా అదే. మూత పెట్టిన గిన్నెలో నీళ్ళు మరుగుతూ ఆవిరి నిండిందంటే లోపల 100 డిగ్రీలు. మంట పెంచినా 100, తగ్గించినా మరుగు ఆగనంతవరకు 100. సముద్రమట్టానికి బాగా ఎత్తున ఉండేవాళ్ళకి ఇది తగ్గుతుంది. ప్రతి 300 మీటర్లకి సుమారు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతూ పోయి, 3000 మీటర్ల ఎత్తున 90 డిగ్రీలకే నీళ్ళు మరుగుతాయి. కానీ అక్కడ నీళ్ళలో ఉడకబెట్టినా అదే ఇబ్బంది. ఆ ఎత్తున ఉండేవాళ్ళు ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ పెట్టుకుని చూసుకోవాలి.

"నీళ్ళు కూడా 100 డిగ్రీలేగా, మరి తేడా ఏమిటి?" అని మీరు అడగొచ్చు. తేడా గుడ్లు వేసిన మరుక్షణం తెలుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఆరు గుడ్లు మరిగే నీళ్ళలో వేస్తే మరుగు ఆగిపోతుంది. మళ్ళీ అందుకునే దాకా గడియారం తిరుగుతూనే ఉంటుంది. ఎంతసేపు ఆగుతుందన్నది నీళ్ళ పరిమాణం మీద, మంట మీద, గుడ్ల సంఖ్య మీద ఆధారపడుతుంది. ఆవిరి వేడిని ఇచ్చే పద్ధతి వేరు. చల్లటి పెంకుకి తగలగానే ఆవిరి నీరుగా మారుతుంది. అలా మారేటప్పుడు ఒక్కో గ్రాము ఆవిరి సుమారు 2257 జౌళ్ళ వేడిని పెంకు మీద వదిలేస్తుంది. అదే ఒక గ్రాము మరిగే నీరు ఒక డిగ్రీ చల్లబడితే ఇచ్చేది 4.2 జౌళ్ళు మాత్రమే. పైగా ఆవిరి ఎక్కడ చల్లగా ఉంటే అక్కడే ఎక్కువగా నీరవుతుంది. ఒక గుడ్డు ఎక్కువ చల్లగా ఉంటే దానిమీదే ఎక్కువ వేడి దిగుతుంది. వేడెక్కేకొద్దీ ఆవిరి నీరు కావడం దానంతటదే తగ్గిపోతుంది. మనం ఎవరూ సర్దకుండానే సర్దుకుపోతుంది.

ఇప్పుడు గ్యాస్ సంగతి. ఆరు గుడ్లంటే సుమారు 330 గ్రాములు. వాటిని ఫ్రిజ్ చల్లదనం నుంచి బాగా ఉడికే వేడికి తేవడానికి కావలసింది దాదాపు 80 కిలోజౌళ్ళు. ఆ గుడ్లు మునగడానికి లీటరున్నర నీళ్ళు పోశారనుకోండి, ఆ నీళ్ళని 25 డిగ్రీల నుంచి మరిగించడానికే 470 కిలోజౌళ్ళు కావాలి. గుడ్లకి కావలసినదానికి దాదాపు ఆరు రెట్లు నీళ్ళు మింగేశాయి. తర్వాత ఆ నీళ్ళని సింకులో పారబోస్తాం. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే. ఆవిరికైతే గిన్నె అడుగున 150, 200 మిల్లీలీటర్లు చాలు, అవి మరగడానికి 50, 60 కిలోజౌళ్ళు పడతాయి. అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆవిరి వచ్చాక కూడా మంట పెద్దగా ఉంచి, మూత చుట్టూ బుసబుసమని పోనిస్తే ఈ ఆదా అంతా గాలికి పోతుంది. వంద గ్రాముల నీళ్ళు ఆవిరైపోయాయంటే 225 కిలోజౌళ్ళు వృథా. ఆవిరి అందుకోగానే మంట తగ్గించాలి. గ్యాస్ కంటే నాకు ఎక్కువ కనపడేది టైమ్. పొద్దున హడావిడిలో లీటరున్నర మరిగేదాకా కాచుకుని కూర్చోవడం ఒకటి, రెండు నిమిషాల్లో ఆవిరి రావడం ఒకటి.

ప్రత్యేకమైన పాత్ర కొనక్కర్లేదు. మూత సరిగ్గా కూర్చునే ఏ గిన్నె అయినా పనికొస్తుంది. అడుగున ఒకటిన్నర, రెండు అంగుళాల ఎత్తున్న చిల్లుల స్టాండు పెట్టాలి. దానికి కింద వరకే నీళ్ళు, స్టాండు మునగకూడదు. మూత పెట్టి పెద్ద మంట మీద వదిలేయాలి. ఇక్కడ తొందరపడకూడదు. మూత అంచున మొదట కనపడే పల్చటి పొగ అసలు ఆవిరి కాదు. గిన్నెలో ఉన్న గాలి కూడా దాంతో కలిసి బయటికి వస్తుంటుంది. గాలి కలిసినంతసేపు లోపల 100 డిగ్రీలు రావు. కాసేపటికి మూత చప్పుడు మారుతుంది, అంచు వెంట ఆవిరి తెగకుండా ధారగా వస్తుంది. అప్పుడు మూత తీసి గుడ్లని పట్టకారతో గానీ పెద్ద చెంచాతో గానీ ఒక్కొక్కటే పెట్టి, వెంటనే మూత వేసేయాలి. మూత తీసేటప్పుడు మీవైపు కాకుండా అవతలివైపు నుంచి ఎత్తండి. ఇందాక చెప్పిన 2257 జౌళ్ళు గుడ్డుకెలా తగులుతాయో మీ ముంజేతికీ అలాగే తగులుతాయి. అందుకే ఆవిరి కాలితే వేణ్ణీళ్ళు పడ్డప్పటికంటే గట్టిగా కాలుతుంది.

అర నిమిషంలో ఆవిరి మళ్ళీ ధార కడుతుంది. మంట మధ్యకి తగ్గించండి. గడియారం మూత వేసిన క్షణం నుంచి. ఫ్రిజ్‌లోంచి నేరుగా తీసిన మామూలు సైజు గుడ్డుకి ఆరు నిమిషాలైతే తెల్లసొన గడ్డకట్టి పచ్చసొన కారుతూ ఉంటుంది. ఎనిమిది, తొమ్మిది మధ్యలో పచ్చసొన జామ్ మాదిరిగా జిగురుగా, మెరుస్తూ ఉంటుంది. పన్నెండుకి పూర్తిగా గట్టిపడుతుంది. బయట ఉన్న గుడ్లయితే ఒక నిమిషం తగ్గించుకోవచ్చు. మీ గిన్నెకి, మీ గుడ్ల సైజుకి ఈ లెక్క ఒక నిమిషం అటో ఇటో కదలొచ్చు. కానీ ఒకసారి కుదిరిందంటే మళ్ళీ మళ్ళీ కుదురుతుంది. నాకు కావలసింది ఆ భరోసాయే. రెండు గుడ్లు పెట్టినా ఆరు పెట్టినా, ఒకే వరుసలో ఉన్నంతవరకు స్టవ్ మీద ఈ టైమ్ పెద్దగా మారదు.

టైమ్ అవగానే చన్నీళ్ళలోకి. ఇది మొహమాటానికి చేసే పని కాదు. బయటికి తీసినా పెంకు దగ్గరి వేడి ఇంకా లోపలికి నడుస్తూనే ఉంటుంది, తొమ్మిది నిమిషాల గుడ్డు గిన్నెలో ఊరికే కూర్చుంటే పన్నెండు నిమిషాల గుడ్డయిపోతుంది. ఆకుపచ్చ వలయం సంగతి కూడా ఇంతే. ఎక్కువసేపు వేడి తగిలితే తెల్లసొనలోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి, పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. ఒంటికి హాని ఏమీ లేదు, చూడ్డానికే అసహ్యం. గుడ్డు పాతబడిందనో పాడైందనో పారేసేవాళ్ళని చూశాను. గుడ్డు తప్పేం లేదు పాపం.

ఇక పెంకు ఒలవడం. ఆవిరి మీద నాకున్న అభిమానంలో సగం దీనివల్లే. ఒలిచేటప్పుడు పెంకుతోపాటు తెల్లసొన ముక్కలు ముక్కలుగా ఊడొస్తే తల ప్రాణం తోకకొస్తుంది. పెంకు లోపల రెండు పల్చటి పొరలుంటాయి. తాజా గుడ్డులో తెల్లసొన ఆ లోపలి పొరని గట్టిగా పట్టుకుంటుంది. గుడ్డు పెట్టినప్పుడు తెల్లసొనలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది, దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8కి కొంచెం తక్కువే ఉంటుంది. పెంకుకున్న వేల సన్నటి రంధ్రాల గుండా ఆ వాయువు రోజురోజుకీ బయటికి పోతుంది, పీహెచ్ 9 దాటుతుంది, పట్టు సడలుతుంది. వారం నిలవున్న గుడ్డు సులువుగా ఒలవడానికి కారణం ఇదే. అయితే తాజా గుడ్లు తెచ్చి వారం ఆగమనడం న్యాయమేనా?

ఆగక్కర్లేదు. చన్నీళ్ళలో పెట్టి మెల్లగా వేడెక్కిస్తే తెల్లసొన ప్రొటీన్లు నెమ్మదిగా ఆ పొరకి అతుక్కుపోతాయి. ఒక్కసారిగా బాగా వేడి తగిలితే అవి తమలో తాము ముందే బిగుసుకుని, పొరని పట్టుకునే అవకాశం తగ్గుతుంది. వంటల రచయిత కెంజి లోపెజ్ ఆల్ట్ 2019లో చాలామంది వాలంటీర్లని కూర్చోబెట్టి 700కి పైగా గుడ్లు ఒలిపించి చూశాడు. మొదట తగిలే వేడే అన్నిటికంటే ముఖ్యమని తేల్చాడు. మరిగే నీళ్ళలో వేసినా ఈ లాభం వస్తుంది, నిజమే. కానీ మరిగే నీళ్ళలో గుడ్లు ఎగిరెగిరి ఒకదానికొకటి, గిన్నెకి కొట్టుకుని పగులుతాయి, తెల్లసొన నురగలాగా బయటికొస్తుంది. ఆవిరిలో గుడ్డు పెట్టినచోటే ఉంటుంది. అందుకే పగుళ్ళు చాలా తక్కువ. ఉప్పు వేయండి, వెనిగర్ వేయండి, వంట సోడా వేయండి అనే చిట్కాలన్నీ ఆవిరి దగ్గర పక్కకి పోతాయి, వేయడానికి నీళ్ళే లేవు కాబట్టి. నాకైతే వాటివల్ల ఎప్పుడూ పెద్ద తేడా కనపడలేదు.

ఒలవడం మొదలుపెట్టేది గుండ్రంగా వెడల్పుగా ఉన్న కొన నుంచి. గాలి గది అక్కడే ఉంటుంది. కొట్టగానే పెంకు లోపలికి కుంగుతుంది, బొటనవేలు పొర కిందకి దూరుతుంది. పొర దొరికిందంటే పని అయినట్టే. నీళ్ళ గిన్నెలో ముంచి ఒలిస్తే ఇంకా మేలు.

ప్రెషర్ కుక్కర్ ఉన్నవాళ్ళు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు: ఎన్ని విజిల్స్? నా సమాధానం: సున్నా. వెయిట్ తీసేయండి. వెయిట్ లేని కుక్కర్ కంటే మంచి ఆవిరి గిన్నె వంటింట్లో ఇంకొకటి ఉండదు. మూత బిగుతు, గోడలు మందం, ఆవిరి ఒక్క గొట్టంలోంచే బయటికి వస్తుంది కాబట్టి ఎప్పుడు అందుకుందో స్పష్టంగా తెలుస్తుంది. వెయిట్ పెడితే లోపల పీడనం పెరిగి వేడి 121 డిగ్రీల దాకా పోతుంది. 1679లో డెనీ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త లండన్‌లో ఈ యంత్రాన్ని చూపించింది ఎముకల్ని మెత్తగా చేయడానికి. గుడ్డుకి 80 డిగ్రీలు చాలని ఇందాకే చెప్పుకున్నాం. ఎముకలకి కావలసిన వేడి గుడ్డుకి ఎందుకు? పచ్చసొన ఉడికేలోపు బయటి తెల్లసొన రబ్బరులా సాగుతుంది. పైగా విజిల్ గడియారం కాదు. మంట పెద్దదైతే వెంటవెంటనే వస్తుంది, చిన్నదైతే ఎప్పటికో వస్తుంది. "మూడు విజిల్స్" అనే మాట మీ కుక్కర్‌కి, మీ స్టవ్‌కి తప్ప పక్కింటివాళ్ళకి కూడా పనికిరాదు. ఇంకొకటి, పీడనం ఒక్కసారిగా వదిలేస్తే గుడ్డు లోపలి తేమ ఉబికి పెంకు పగలొచ్చు.

ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ వాడేవాళ్ళు ఐదు-ఐదు-ఐదు అని ఒక లెక్క చెబుతారు. ఐదు నిమిషాలు పీడనంలో, ఐదు నిమిషాలు దానంతటది దిగేదాకా, ఐదు నిమిషాలు ఐసు నీళ్ళలో. గట్టి గుడ్లకి ఇది బాగానే పనిచేస్తుంది, పెంకు కూడా చక్కగా వస్తుంది. దీన్ని నేను కాదనను. కానీ పీడనం రావడానికి పట్టే టైమ్ కూడా కలుపుకుంటే మూత గిన్నె కంటే మిగిలిందేమీ లేదు. జారుడు పచ్చసొన కావాలంటే దీంతో కష్టం. బాగా ఎత్తయిన ప్రదేశాల్లో ఉండేవాళ్ళకి మాత్రం పీడనం నిజంగా ఉపయోగపడుతుంది, వాళ్ళకి ఈ వాదన అంతగా వర్తించదు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన వస్తువు గురించి. ఎగ్ బాయిలర్ అని అమ్ముతారు కదా, ప్లాస్టిక్ గోపురం, కింద చిన్న హీటర్ పళ్ళెం. పేరు బాయిలర్ గానీ అది చేసేది ఆవిరి పట్టడమే. దాంతోపాటు ఒక కొలత కప్పు ఇస్తారు. ఆ కప్పు మీద గీతలు జాగ్రత్తగా చూడండి. ఒక గుడ్డుకి ఎక్కువ నీళ్ళు, ఆరేడు గుడ్లకి తక్కువ నీళ్ళు అని ఉంటుంది. చాలామంది అచ్చు తప్పు అనుకుంటారు. గుడ్లు పెరిగితే నీళ్ళు పెరగాలి గానీ తగ్గడమేమిటి?

అచ్చు తప్పు కాదు. ఆ యంత్రంలో గడియారం లేదు, నీళ్ళే గడియారం. పళ్ళెం మీద నీళ్ళు పూర్తిగా ఇగిరిపోతే పళ్ళెం వేడి 100 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు స్విచ్ పడిపోతుంది, లేదా బజర్ మోగుతుంది. నీళ్ళు ఉన్నంతసేపు గుడ్లు ఉడుకుతాయి. గుడ్ల మీద ఆవిరి నీరై, ఆ నీరు చుక్కలు చుక్కలుగా మళ్ళీ పళ్ళెం మీదకే పడుతుంది, మళ్ళీ ఆవిరవుతుంది. ఆరు గుడ్లు వేడెక్కేలోపు సుమారు 35 గ్రాముల ఆవిరిని ఇలా వెనక్కి పంపుతాయి. ఒక్క గుడ్డు పంపేది ఆరు గ్రాములే. గుడ్లు ఎక్కువున్నప్పుడు నీళ్ళు తిరిగి తిరిగి వస్తాయి కాబట్టి కొన్ని నీళ్ళే ఎక్కువసేపు నిలుస్తాయి. ఒక్క గుడ్డే ఉంటే ఆవిరిలో ఎక్కువ భాగం గోపురం చిల్లులోంచి బయటికి పోతుంది, అంతసేపు ఉడకాలంటే ఎక్కువ నీళ్ళు పోయాలి. ఈ గీతలు గీసినవాళ్ళని నేను మనసులో చాలాసార్లు మెచ్చుకున్నాను.

ఆ కప్పు అడుగున చిన్న సూది కూడా ఉంటుంది, జాగ్రత్త, వేలికి గుచ్చుకుంటుంది. గుడ్డు వెడల్పు కొనలో పొడవమంటారు. లోపలి గాలి వ్యాకోచించినప్పుడు బయటికి పోవడానికి దారి, ఉడికాక ఆ కొన సొట్టపడకుండా గుండ్రంగా రావడం, ఇవీ దాని ఉపయోగాలు. పొడవకపోయినా మిన్ను విరిగి మీద పడదు. పొడిచేటప్పుడే గుడ్డు పగిలిన సందర్భాలు కూడా ఉంటాయి.

నీళ్ళే గడియారమన్న ఆలోచన ఎగ్ బాయిలర్‌తో పుట్టలేదు. 1955లో జపాన్‌లో తోషిబా కంపెనీ అమ్మకానికి పెట్టిన ఆటోమేటిక్ రైస్ కుక్కర్ ఇదే సూత్రం మీద పనిచేసింది. దాన్ని తయారుచేసింది మినామి యోషితాదా అనే చిన్న కర్మాగారం యజమాని. రకరకాల వాతావరణంలో వండి చూసి లెక్కలు రాసే పనిని ఆయన భార్య ఫుమికో నెత్తినేసుకుంది. అందులో రెండు గిన్నెలు, ఒకదానిలో ఒకటి. బయటి గిన్నెలో కొలిచి నీళ్ళు పోస్తారు. అవి ఇగిరిపోగానే వేడి 100 దాటుతుంది, ద్విలోహ స్విచ్ (రెండు లోహాల రేకులు అతికించిన పట్టీ) వంగి కరెంటు ఆపేస్తుంది. మన ఇళ్ళలోని మామూలు రైస్ కుక్కర్లలో రెండో గిన్నె పోయింది, ద్విలోహం బదులు అడుగున ఒక అయస్కాంతం వచ్చింది. 100 కంటే కొంచెం పైన అది అయస్కాంత గుణం కోల్పోయి స్ప్రింగు దెబ్బకి టక్కుమని మీట పైకి లేస్తుంది. అంటే రైస్ కుక్కర్ ఉన్నవాళ్ళ ఇంట్లో ఎగ్ బాయిలర్ ఇప్పటికే ఉంది. అడుగున నీళ్ళు, పైన దానితోనే ఇచ్చిన చిల్లుల తట్ట, మీట నొక్కి ఆవిరి రాగానే గుడ్లు పెట్టి టైమ్ చూసుకోవడమే. మీటే చూసుకుంటుందిలే అని వదిలేయకండి. దానికి నీళ్ళ లెక్క తెలుసు గానీ గుడ్ల లెక్క తెలియదు.

కింద బియ్యం ఉడుకుతుంటే పైన తట్టలో గుడ్లు పెట్టే పద్ధతి కూడా ఉంది. ఒకే కరెంటుతో రెండు పనులు, ఆలోచన బాగుంది. నాకు మాత్రం మనసొప్పదు. పెంకు మీద నీరైన ఆవిరి చుక్కలన్నీ బియ్యంలోకే దిగుతాయి. మరిగే వేడికి క్రిములు బతకవు, అది నిజమే. మురికి మాట ఏమిటి?

మైక్రోవేవ్‌లో పెంకుతో ఉన్న గుడ్డు పెట్టొద్దని అందరికీ తెలుసు. ఉడికిన గుడ్డుని అందులో మళ్ళీ వేడి చేయకూడదని మాత్రం చాలామందికి తెలియదు. 2017లో అమెరికాలో ఆంథొనీ నాష్, లారెన్ వాన్ బ్లోన్ అనే ఇద్దరు ధ్వని నిపుణులు దీన్ని పరీక్షించారు. ఉడికించి ఒలిచిన గుడ్లని నీళ్ళలో ఉంచి మైక్రోవేవ్‌లో వేడిచేసి బయటికి తీసి గుచ్చితే, దాదాపు మూడోవంతు పేలాయి. అడుగు దూరంలో ఆ చప్పుడు 86 నుంచి 133 డెసిబెల్స్. గుడ్డు చుట్టూ ఉన్న నీళ్ళ కంటే పచ్చసొన ఎక్కువ వేడిగా ఉందని కూడా చూశారు. పంటి కింద గుడ్డు పేలడం మామూలు విషయం కాదు. మైక్రోవేవ్ కోసమని అమ్మే గుడ్డు ఆకారపు డబ్బాలున్నాయి కదా, వాటి లోపల లోహపు పూత ఉంటుంది. తరంగాలు గుడ్డుని తాకకుండా అది అడ్డుకుంటుంది, అడుగునున్న నీళ్ళు మాత్రమే మరిగి ఆవిరవుతాయి. అక్కడ కూడా ఉడికించేది ఆవిరే.

ఎలక్ట్రిక్ కెటిల్‌లో గుడ్లు వేసేవాళ్ళకి ఒక్క మాట. కెటిల్ ఆగేది మూత మూసి ఉండి, ఆవిరి సన్నటి దారిలో వెళ్ళి స్విచ్‌కి తగిలినప్పుడు. మూత తెరిచి పెడితే ఆగదు. మూత మూస్తే మరిగిన మరుక్షణం ఆగిపోతుంది. రెండు రకాలుగానూ గుడ్డుకి లాభం లేదు. గుడ్డు పగిలిందా, ఇక ఆ కెటిల్‌లో కాచిన టీ ఎవరూ తాగరు.

ఇంతవరకూ పెంకున్న గుడ్డు. గిలక్కొట్టిన గుడ్డు దగ్గరికి వచ్చేసరికి ఆవిరిని ఇంతలా పొగిడిన నేనే దాన్ని అదుపులో పెట్టమంటాను. గిలక్కొట్టిన గుడ్డులో దానికి ఒకటిన్నర, రెండింతలు గోరువెచ్చటి నీళ్ళు గానీ పులుసు నీళ్ళు గానీ కలిపి, వడగట్టి, చిన్న గిన్నెలో ఆవిరికి పెడితే జున్నులా మెత్తగా గడ్డకడుతుంది. కానీ 100 డిగ్రీలు దానికి మరీ ఎక్కువ. లోపలి నీళ్ళు మరిగి, గడ్డంతా జల్లెడలా చిల్లులు పడి, నీరు విడిచేస్తుంది. దానికి 80, 85 డిగ్రీలు చాలు. ఇంట్లో థర్మామీటర్ లేకుండా అది సాధించే ఉపాయం ఇందాక వద్దన్న పనే. మూత కింద ఒక చెంచా అడ్డం పెట్టి సందు వదిలితే గాలి లోపలికి పోయి ఆవిరితో కలిసి వేడి తగ్గుతుంది. మంట సిమ్‌లో ఉండాలి. మూతకి గుడ్డ చుడితే పైనుంచి నీటిబొట్లు పడి గుంటలు పడవు. లేదా గుడ్డు గిన్నె మీదే ఒక చిన్న పళ్ళెం మూయండి. పైపైన చూస్తే ఉడికినట్టే ఉంటుంది, గిన్నెని మెల్లగా తట్టి చూడండి. మధ్యలో అలలా కదిలితే ఇంకా పచ్చి, వణికితే అయింది.

ఉడికిన గుడ్లు నిలవ చేయడం గురించి తరచూ అడుగుతుంటారు. పచ్చి గుడ్డు కంటే ఉడికిన గుడ్డు త్వరగా పాడవుతుంది. ఉడికాక రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి, వారం లోపు తినేయాలి. పెంకుతో ఉంచితే మేలు. జారుడు పచ్చసొన గురించి కూడా చెప్పాలి. చిన్నపిల్లలకి, గర్భిణులకి, పెద్దవయసువాళ్ళకి, జబ్బుపడి లేచినవాళ్ళకి అది వద్దు. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం ఉంటుంది కాబట్టి వాళ్ళకి పన్నెండు నిమిషాల గుడ్డే పెట్టాలి.

ఆవిరికి లోపాలు లేవా అంటే ఉన్నాయి. లోపల ఏం జరుగుతుందో కనపడదు. నీళ్ళు తక్కువ పోసి మర్చిపోతే గిన్నె మాడుతుంది. అనుమానం ఉంటే అడుగున ఒక స్టీలు చెంచా వేయండి, నీళ్ళు మరుగుతున్నంతసేపు గలగలమంటుంది, ఆగిందంటే అయిపోవచ్చినట్టు. 63 డిగ్రీల దగ్గర గంటసేపు నానబెట్టినట్టు ఉడికించే మెత్తటి గుడ్డు దీంతో రాదు, దానికి వేడిని పట్టి ఉంచే నీటి తొట్టే కావాలి. అసలైన ఇబ్బంది మాత్రం గుడ్లు బాగా ఎక్కువైనప్పుడు వస్తుంది. రెండు మూడు వరుసలు పేర్చితే కింది వరుస ఆవిరిని ముందే తాగేస్తుంది, పైవాటికి మిగిలింది చేరేసరికి ఆలస్యమవుతుంది. హీటర్ చిన్నదైతే మరీనూ. ఇంటికి జనం వచ్చి నలభై, యాభై గుడ్లు ఒకేసారి కావలసినప్పుడు నేను కూడా పెద్ద గిన్నెనిండా నీళ్ళే పెడతాను. నీళ్ళు మాత్రం బాగా మరిగాకే గుడ్లు వేస్తాను. ఒక్కసారే కుమ్మరించకుండా జల్లిగరిటెతో కొన్ని కొన్నిగా దించి, మళ్ళీ మరుగు అందుకున్నాకే టైమ్ లెక్కపెడతాను.